కాలానికి ముందొచ్చిన మాట: సమీపగత కథనంలో సాంకేతికత, భాష

సమీపగతాన్ని నేపథ్యంగా తీసుకున్న కథల్లో కాలదోషాన్ని వెతికే విమర్శకుడి చూపు సాధారణంగా వస్తువుల మీద పడుతుంది. ఫలానా సంవత్సరంలో సెల్‌ఫోను ఉందా, వెయ్యి రూపాయల నోటు చలామణిలో ఉందా అని పరిశీలిస్తాడు. ఇవి సులభంగా దొరికే పొరపాట్లు, దిద్దుకోవడమూ సులభమే. వస్తువు సరిగానే ఉండి దాని పేరు మాత్రం తర్వాతి కాలం నుంచి వచ్చి చేరితే ఆ దోషం తరచుగా పట్టుబడదు.

డోన్ జంక్షన్ నేపథ్యంగా, 1990లో జరిగినట్లు, ఇప్పుడొక కథ రాస్తున్నారనుకుందాం. సికింద్రాబాదు నుంచి కర్నూలు మీదుగా వచ్చే దారి, గుంటూరు–గుంతకల్లు దారి అక్కడ కలుస్తాయి. అప్పటికి రెండూ మీటరుగేజి దారులే. ఈ సంగతి శ్రద్ధగా తెలుసుకున్న రచయిత, "మీటరుగేజి రైలు దిగి ల్యాండ్‌లైన్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను" అని పాత్ర చేత పలికిస్తే సమాచారంలో తప్పు లేదు, తప్పంతా మాటలోనే ఉంది. డోన్ ప్రయాణికుడికి అది ఉత్త 'బండి'. గేజి మార్పిడి జరిగాకనే పాత బండికి వేరే పేరు అవసరమైంది. బ్రాడ్‌గేజి కూడా ఉన్న గుంతకల్లులో బండి మారే మనిషి నోట ఆ మాట అప్పుడే రావచ్చు. కొద్ది గంటల ప్రయాణంలోనే మాట అవసరం మారిపోతుంది. ల్యాండ్‌లైన్ సంగతీ ఇంతే. సెల్‌ఫోను రాకముందు ఉన్నది ఫోను మాత్రమే.

'ఉమ్మడి కర్నూలు జిల్లా' అన్న మాట ఇంకా మోసకారిది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి డోన్ అందులో చేరాకనే 'ఉమ్మడి'కి అర్థం వచ్చింది. ఈనాటి నుంచి వెనక్కి చూసి చెప్పే కథకుడు ఆ మాట వాడవచ్చు. 1990లో నిలబడి మాట్లాడే పాత్రకూ, ఆ పాత్ర మనసులోంచి సాగే కథనానికీ ఆ వెసులుబాటు లేదు.

దీనికి ఎదురు వైపున మాత్రం ఇంత కచ్చితత్వం పనికిరాదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అయినా 1995 నాటి ముసలాయన 'తాలూకాఫీసు' అంటే అది దోషం కాదు, అతని వయసుకు గుర్తు. 1980 నాటి మనిషి 'మండలాఫీసు' అంటే మాత్రం సమర్థించలేం. పాత మాట ఆలస్యంగా వినిపించవచ్చు, కొత్త మాట ముందుగా వినిపించరాదు. కాలశుద్ధి పేరుతో పాత మాటలన్నిటినీ ఏరివేసే సంపాదకులు ఈ తేడాను గమనించాలి.

పేర్ల కన్నా సూక్ష్మమైనది సంభాషణ నడక. ఎస్.టి.డి. బూత్‌లో మీటరు మీద తిరిగే అంకెలను చూస్తూ మాట్లాడే మనిషి కుశలప్రశ్నలు కుదించుకుంటాడు. అసలు సంగతి ముందే చెప్పేస్తాడు. బూత్ నుంచి ఇంటికి ఫోను చేసినవాడు అవతలి మనిషిని "యాడుండావు?" అని అడగడు. ఫోను ఉన్నచోటే మనిషీ ఉంటాడు కదా! ఆ ప్రశ్నను మామూలు చేసింది సెల్‌ఫోను. 2003కు ముందు వచ్చిన కాలుకూ డబ్బు కట్టాల్సి ఉండేది కాబట్టి, 2000లో చిరుద్యోగి సెల్‌లో తీరికగా కబుర్లాడితే కాలంతో పాటు అతని వర్గస్థితి కూడా తప్పుతుంది.

ఈ చర్చతో పరిశోధకులకూ పని ఉంది. రాయలసీమ కథల నుంచి మాండలిక పదాలను సేకరించి సిద్ధాంత వ్యాసాలు రాయడం మన విశ్వవిద్యాలయాల్లో స్థిరపడిన పద్ధతి. ఆధారం కల్పన అయినప్పుడు అందులోని మాట ఏ కాలానిదో తేల్చకుండా పట్టికకెక్కిస్తే 2020ల భాష 1990కి సాక్ష్యమవుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సారథ్యంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలను జనం నోటి నుంచే సేకరించింది. రైల్వే క్యాబిన్‌కూ ఫోను బూత్‌కూ అంత శ్రద్ధ దక్కలేదు. వాటిలో పనిచేసినవారు చాలామంది ఇంకా మన మధ్యనే ఉన్నారు. కడప ఊళ్ల పేర్లపై పరిశోధించిన కేతు విశ్వనాథరెడ్డి గొప్ప కథకుడు కూడా కావడం నాకు యాదృచ్ఛికంగా తోచదు.

అందువల్ల కథల నుంచి తయారుచేసే ప్రతి పదపట్టికలో రచనాకాలం, కథాకాలం అని రెండు గడులు వేరుగా ఉండాలని నా ప్రతిపాదన. 'ల్యాండ్‌లైన్' అప్పుడు మొదటి గడి సంవత్సరానికే సాక్ష్యం చెబుతుంది.