చలనచిత్రములలో మెదడు వ్యాధులు

ఒక జాతి తన రోగములను గూర్చి చెప్పుకొను కథలను బట్టి, ఆ జాతి రోగులయెడ నెట్లు ప్రవర్తించునో తెలిసికొనవచ్చును. మశూచికమును అమ్మవారుగా భావించి టీకాకు వెనుదీసిన యిండ్లు మనలో పెక్కు లుండెను. ఆ వ్యాధి భూమిమీద లేకుండ పోయినదని 1980లో ప్రపంచమునకు చాటబడినది. దానితో ఆ కథకును పని లేకపోయినది. మెదడు వ్యాధులను గూర్చిన కథల కిట్టి ముగింపు రాలేదు. మునుపు వానిని భూతవైద్యుడు చెప్పెను; ఇప్పుడు చలనచిత్రము చెప్పుచున్నది. చెప్పువాడు మాఱెనే కాని, చెప్పబడున దంతగా మాఱలేదు.

హైదరాబాదునుండి నాగార్జునసాగరము పోవు బాటమీద నున్న ఇబ్రహీంపట్నము నుదాహరణముగా గొందము. రంగారెడ్డి జిల్లాలోని యీ యూరికి సమీపముననే 1996లో వెలసిన రామోజీ ఫిలింసిటీ కలదు. మఱియొక దిక్కున, ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరమున, నగరములోని నరముల వైద్యులున్నారు. కథయు వైద్యమును రెండును ఈ యూరికి చేరువలోనివే. అయినను బిడ్డ మూర్ఛవచ్చి పడిపోయినపుడు చేతిలో తాళపుచెవి పెట్టుటయు, ముక్కుకడ నుల్లిపాయ యుంచుటయు, గాలి సోకినదని తాయెత్తు కట్టుటయు తెలుగునాట నేటికిని మానలేదు. వైద్యుని మాటకంటె కథ ముందుగా ఇల్లు చేరుచున్నదనుట కింతకంటె నిదర్శన మేల? కావుననే ఈ కథలను విమర్శించుట వినోదమునకు సంబంధించిన పని కాదు, గృహమునకు సంబంధించిన పని.

మన చిత్రములలో మిక్కిలి వాడుకలో నున్న కల్పన యిది. నాయకుని తలకు దెబ్బ తగులును. అతడు తల్లిని, ఆలిని, తుదకు తన పేరును మఱచును. పాట, పోట్లాట మాత్రము మఱవడు. పతాకసన్నివేశమున మఱియొక దెబ్బ తగులును. సమస్తము జ్ఞప్తికి వచ్చును. ఇచట వ్యాధి వ్యాధి కాదు; కథకుడు తనకు వలసినప్పుడు వేసి, వలసినప్పుడు తీయు తలుపుగడియ.

నిజమున మెదడు 1,400 గ్రాముల మెత్తని పదార్థము. అందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. తలకు గాయమైనవారు సాధారణముగా మఱచునది గాయమునకు దగ్గఱి కాలమును. బాల్యము, కన్నవారు, తన పేరు తుదివఱకు నిలుచును. మఱపు తీఱునప్పుడును మెల్లమెల్లగా తీఱును. రెండవ దెబ్బ గాయముమీద గాయమే యగును. కూలినగోడ మఱియొక పోటుతో లేచి నిలుచునని ఏ తాపీవాడును చెప్పడు; మన కథకులు చెప్పుచున్నారు.

అన్ని చిత్రములను ఒకే గాటను గట్టుట న్యాయము కాదు. బాలూ మహేంద్ర తీసిన ‘వసంత కోకిల’ (1982)లో శ్రీదేవి ధరించిన పాత్ర కారు ప్రమాదముచే చిన్నపిల్ల స్థితికి జాఱును. కమలహాసన్ పాత్ర ఆమెను సాకును. తుదకు వైద్యముచే ఆమెకు పూర్వస్మృతి వచ్చును. సాకినవానిని మాత్రము మఱచిపోవును. రెండు గదుల నడుమ తలుపు మూసినట్లు జ్ఞాపకమును ఇంత శుభ్రముగా విడదీయుట శాస్త్రమునకు దూరము. కాని యీ చిత్రమునకు శాస్త్రము కానట్టి యొక సత్యము కలదు. తినిపించుట, నిద్రపుచ్చుట, అల్లరి సహించుట, ప్రతిఫలము లేకుండుట అను సేవాధర్మమును ఇది ఓపికగా చూపినది. మతి తప్పిన ముదుసలిని సాకు కోడలు, పక్షవాతముతో మంచము పట్టిన భర్తను సాకు భార్య తమ శ్రమను దీనియందు గుర్తింపగలరు.

‘గజిని’ (2005) కథానాయకునకు పాత సంగతులు తెలియును. క్రొత్తవి మాత్రము పదునైదు నిమిషములకు మించి నిలువవు. ఈ లోపము కల్పితము కాదు. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున హెన్రీ మొలైసన్ అను 27 ఏండ్ల యువకునకు మూర్ఛ మాన్పుటకై, రెండు చెవుల లోతట్టున నుండు మెదడు భాగములను శస్త్రవైద్యుడు విలియం స్కోవిల్ తొలగించెను. మూర్ఛలు తగ్గినవి; కాని ఆనాటినుండి అతనికి క్రొత్త జ్ఞాపకము నిలువలేదు. బ్రెండా మిల్నర్ అను విదుషి అతనిచే అద్దములో చూచుచు నక్షత్రపు గీతలు దిద్దించెను. తానా పని యెన్నడును చేయలేదనియే అతడు ప్రతిదినము తలచెను. చేయి మాత్రము దినదినమునకు నేర్పు సంపాదించెను. మనస్సు మఱచినదానిని చేయి మఱవలేదు! జ్ఞాపక మనునది ఒక్కటి కాదనియు, సంగతులకును నేర్పులకును మెదడులో వేఱువేఱు చోట్లు గలవనియు లోకమున కతనివలననే స్పష్టమైనది. 2008లో మరణించువఱకు అతడు పరుల సంరక్షణలోనే జీవించెను. ‘గజిని’ లోపమును సరిగానే పట్టెను. కాని దానిని పగకు ఇంధనముగ జేసి, రోగికి పదిమందిని కూల్చు బలము నిచ్చెను. అతనికి అన్నము పెట్టువా రెవరో, దారి తప్పిన వెదకువా రెవరో మనకు తెలియదు.

‘చివరకు మిగిలేది’ (1960) వేఱొక తెగకు చెందినది. బుచ్చిబాబు నవలకును దీనికిని పేరొక్కటే. ఇది వంగభాషా చిత్రమునకు తెలుగుసేత. సావిత్రి ధరించిన నర్సు, ప్రేమ విఫలమై మతిచెడిన రోగులకు ప్రేమ నభినయించి స్వస్థత కలిగించి, తుదకు తానే మతి కోల్పోవును. సావిత్రి నటన కన్నీరు తెప్పించును. కాని ప్రేమచే చెడిన మనస్సు ప్రేమచేతనే బాగుపడునను సిద్ధాంతము మన యిండ్లలో నేరూపు దాల్చినదో చూడుడు: “పెండ్లి చేసిన కుదురును.” ఈ యొక్క వాక్యమునకు బలియైన కన్నెల నెవరు లెక్కించిరి? రోగిని దాచి పెండ్లి చేయుట ఒక అన్యాయము. రోగము పేర పెండ్లియే లేకుండ చేయుట రెండవ అన్యాయము. హిందూ వివాహచట్టమున 1976లో మూర్ఛరోగమును ఉన్మాదముతో జతచేసి వివాహమునకు ప్రతిబంధకముగా వ్రాసిరి. 1999లో ఆ మాటను తొలగించిరి. చట్టము దిద్దుకొన్నను కథ యింకను దిద్దుకొనలేదు.

హాస్యసన్నివేశముల సంగతి చెప్పనవసరము లేదు. “ఎఱ్ఱగడ్డకు పంపవలె” నన్నంతనే జనము నవ్వును. ఒక వైద్యాలయమున్న పేట పేరు తిట్టైనపుడు, ఆ వాకిలి త్రొక్కుటకు ఏ తండ్రి సిగ్గుపడడు?

పక్షవాతమున కిచ్చిన రూపము అంతకంటె ప్రమాదకరము. చెడువార్త విని తండ్రి కూలును. చక్రాల కుర్చీలో మౌనముగా గూర్చుండును. బిడ్డకు ఆపద రాగానే లేచి నిలుచును. ఈ కథలో గడియారము లేదు. నిజమైన పక్షవాతమున గడియారమే ముఖ్యము. మూతి వంకరపోయినను, చేయి వాలినను, మాట తడబడినను అది మెదడునకు రక్తము అందకపోవుటకు గుర్తు కావచ్చును. నెత్తురుగడ్డ కారణమైనచో దానిని కరిగించు మందును నాలుగున్నర గంటలలోగా ఇయ్యవలెను. ఇబ్రహీంపట్నమునుండి నగరము చేరుట కా వ్యవధి చాలును. పసరు మందునకై యెదురుచూచుచు కూర్చున్నచో చాలదు.

ఈ లోపములన్నిటికి మూలమొక్కటే. మన కథలలో మెదడు వ్యాధి ఒక దెబ్బతో వచ్చి ఒక దెబ్బతో పోవును. దానితో దినదినము బ్రతుకు మనుష్యుడు కానరాడు. మూర్ఛ సంగతి చూడుడు. నాడీకణములు స్వల్పమైన విద్యుత్తుతో ఒకదానితో నొకటి సంభాషించును. సంతలో ఎవరి బేరము వారు మాటాడుచున్నంతసేపు పని సాగును. అందఱును ఒక్కసారి ఒకే కేక వేసిరేని సంత స్తంభించును. మూర్ఛ అట్టి కేక. ప్రపంచమున సుమారు 5 కోట్లమంది కీ వ్యాధి కలదు. తగిన వైద్యము జరిగినచో నూటికి 70 మంది మూర్ఛలు లేకుండ జీవింపగలరు. 1912 నుండి వాడుకలో నున్న ఫినోబార్బిటాల్ వంటి చవుకమందులును కలవు. కాని ఆ మాత్రను ప్రతిదినము, వేళ తప్పక, ఏండ్ల తరబడి మ్రింగవలెను. ఒక్క దెబ్బతో స్వస్థత చూడ నలవాటుపడిన కన్నులకు ఇది వైద్యముగా తోపదు. మూడు నెలలు మూర్ఛ రాకున్న “తగ్గిన”దని మందు మానుదురు. మఱల వచ్చినపుడు మందు పనిచేయలేదందురు.

నటరాజమూర్తి పాదము క్రింద నున్న మఱుగుజ్జు పేరు అపస్మారుడు. ఆయుర్వేదమున మూర్ఛరోగమునకు పేరు అపస్మారము. దేవుడు త్రొక్కినది రోగమును. మనము త్రొక్కుచున్నది రోగిని.

చిత్రము లన్నియు వైద్యపాఠములు కావలెనని మా కోరిక కాదు. కె. విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’ (1986)లో శివయ్య బుద్ధిలోపమునకు పేరు పెట్టలేదు, వైద్యము చూపలేదు. అయినను ఏ దెబ్బయు అతనిని బాగుచేయదు. అతడున్నట్లే యుండి, వితంతువును పెండ్లాడి, సంసారము నడపి, మనుమలను చూచును. లోపముతోనే జీవితము నిండుగా నుండవచ్చునని చెప్పిన యా చిత్రము ప్రజాదరణయు పొందినది. కావున సత్యము చెప్పిన జనము చూడరను సాకు చెల్లదు.

గృహస్థులు తమవంతు చేయదగిన పని యొకటి కలదు. పిల్లలతో గూడి యిట్టి చిత్రము చూచినపుడు, “నిజముగా నిట్లు జరుగునా?” యని యడిగి, తెలిసినంత చెప్పుడు. మూర్ఛ వచ్చినవానిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెననియు, తలక్రింద మెత్తనిగుడ్డ యుంచవలెననియు, నోటిలో నేమియు పెట్టరాదనియు, అయిదు నిమిషములకు మించినచో ఆసుపత్రికి కొనిపోవలెననియు చెప్పుడు. ఈ నాలుగు మాటలు చెప్పుటకు పట్టుకాలము ఒక పాటకు పట్టు కాలముకంటె తక్కువ.