విశేషణాల కులగోత్రాలు: ఇంగ్లీషు 'పర్సనాలిటీ' పదపట్టిక మీద ఒక విమర్శ

ఇంటర్వ్యూకి తయారయ్యే ప్రతి విద్యార్థి దగ్గరా ఒక పట్టిక ఉంటుంది. కోఠి ఫుట్‌పాత్ మీద దొరికే స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాల్లో, కోచింగ్ సెంటర్ల జిరాక్సు నోట్సుల్లో, ఇప్పుడైతే సెల్‌ఫోన్లలో కూడా అదే పట్టిక. మనిషి గుణాన్నీ వ్యక్తిత్వాన్నీ వర్ణించే 'అడ్వాన్స్‌డ్' విశేషణాలు అని దానికి పేరు. ఒక వరసలో జెనరస్, నోబుల్, ఫ్రాంక్, అర్బేన్, మెటిక్యులస్. ఇంకో వరసలో ఆరొగెంట్, బూరిష్, చర్లిష్, సర్వైల్, వల్గర్. మొదటి వరస మంచి గుణాలు, రెండో వరస చెడ్డ గుణాలు. పక్కనే తెలుగు అర్థం.

మేమూ ఈ పట్టికను బట్టీ పట్టినవాళ్లమే. మా ఇళ్లలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాది. 'నీ గురించి మూడు మాటల్లో చెప్పు' అని బోర్డులో కూర్చున్నవాళ్లు అడిగితే ఏ మూడు మాటలు చెప్పాలో మా అమ్మానాయనలు నేర్పలేదు, మా ఊరి బడీ నేర్పలేదు. ఆ పని ఈ పట్టికే చేసింది. ఆ రుణం ఒప్పుకునే ఈ విమర్శ రాస్తున్నాం.

మనవాళ్లు నవలని విమర్శించారు, కవిత్వాన్ని విమర్శించారు, పాఠ్యపుస్తకాల్లో మన ఊరూ మన వాడా ఎందుకు లేవని నిలదీశారు. పదపట్టికను మాత్రం ఎవరూ ఒక రచనగా చదవలేదు. అది ఉప్పూ పప్పూ లాంటి సరుకనుకున్నారు. దానికి కర్త లేడనీ, పక్షం లేదనీ అనుకున్నారు. మా వాదన ఏమిటంటే, గుణాన్ని చెప్పే విశేషణం చాలాసార్లు వర్ణన కాదు. అది పైనున్నవాడు కిందున్నవాడికి రాసిచ్చే సర్టిఫికెట్. అందులో ముందు మనిషి స్థానం నమోదవుతుంది, తర్వాతే గుణం పేరు.

ముందుగా ఆ మాటల పుట్టుక చూద్దాం. 'జెనరస్' అంటే ఉదారుడు అని మన పట్టిక చెప్తుంది. దాని మూలమైన లాటిన్ మాటకు అర్థం గొప్ప వంశంలో పుట్టినవాడని. 'జెంటిల్' కూడా అంతే, మంచి కుటుంబంలో పుట్టినవాడని. 'ఫ్రాంక్' అనే మాట ఫ్రాంకులనే జాతి పేరు నుంచి వచ్చింది. వాళ్లు గాల్ దేశాన్ని గెలిచి ఏలారు. గెలిచినవాళ్లే అక్కడ స్వేచ్ఛగా ఉన్నారు కాబట్టి, స్వేచ్ఛగా మాట్లాడటం వాళ్ల గుణమైపోయింది. 'లిబరల్' అంటే బానిస కానివాడికి తగినది. 'సర్వైల్' అంటే బానిసకు తగినది.

ఇక రెండో వరస. 'విలన్' మొదట్లో భూస్వామి పొలంలో పనిచేసేవాడు, అంటే మన పాలేరు. 'బూర్' అంటే రైతు. 'చర్ల్' అంటే బానిస కాకపోయినా సమాజంలో అట్టడుగున ఉన్న మామూలు మనిషి. 'వల్గర్' అంటే సామాన్య జనానికి చెందినది. 'మీన్' అంటే అందరికీ ఉమ్మడిది, మామూలుది. పొలం దున్నినవాడి పేరు మొరటుతనానికీ, కూలీ పేరు దుర్మార్గానికీ మారుపేర్లయినాయి. పొలం యజమాని పుట్టుక పేరు మాత్రం ఔదార్యమైంది. స్థాయిని చెప్పే మాటలు నీతిని చెప్పే మాటలుగా మారే ఈ తీరును సి.ఎస్. లూయిస్ 1960లో వచ్చిన 'స్టడీస్ ఇన్ వర్డ్స్' అనే పుస్తకంలో చర్చించాడు. ఆయన సంప్రదాయవాది, మన పక్షం మనిషేమీ కాడు. అయినా ఆ మార్పు ఆయన కంటికి కనపడింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇవాళ ఎవరైనా 'జెనరస్' అంటే వంశం గుర్తుకొస్తుందా? రాదు. పుట్టుక ఒక్కటే మాట అర్థాన్ని తేల్చదు, ఒప్పుకుంటాం. కాబట్టి అసలు ప్రశ్న ఇది: మాటల పాత పని ఆగిపోయిందా, ఇంకా నడుస్తున్నదా? దానికి జవాబు ఇంగ్లండులో వెతకాల్సిన పని లేదు, మన దగ్గరే ఉంది.

తెలుగు కూడా ఈ విషయంలో అమాయకురాలేం కాదు. నగరంలో ఉండేది నాగరికం, ఊళ్లో మాట్లాడేది గ్రామ్యం. మంచి కులంలో పుట్టినవాడు కులీనుడు, ఆ మాటే మర్యాదస్తుడికి కూడా పేరు. కూర బాగోకపోతే, సినిమా బాగోకపోతే, వాన పడి రోడ్డు బురదయితే 'చండాలంగా ఉంది' అంటారు. చదువుకున్నవాళ్లు అంటారు, అభ్యుదయవాదులూ అంటారు. మనమూ అంటాం. ఒక కులాన్ని ఊరవతల ఉంచటానికి శాస్త్రం వాడిన పేరు అది. ఆ పేరుతో మన నాలుక ఇంకా చెడ్డ కూరకు విశేషణం చేస్తున్నది. ఇంగ్లీషు కూడా మన దగ్గర్నుంచి ఇట్లాంటి మాటే ఒకటి పట్టుకుపోయింది. తమిళదేశంలో పఱై అనే డప్పుతో ముడిపడిన పఱైయర్ కులం పేరే ఇంగ్లీషులో 'పరయా' అయింది. లోకమంతా వెలివేసినవాడికి, దిక్కులేని వీధికుక్కకు కూడా ఆ పేరే పెట్టారు. అడ్వాన్స్‌డ్ పట్టికల్లో ఈ మాట కూడా కనపడుతుంది. అది ఎవరి కులం పేరో మాత్రం పక్కనున్న అర్థంలో ఉండదు.

మాటలకు ప్రభుత్వం తోడైతే ఏమవుతుందో చూడాలి. మహర్లు ఈస్టిండియా కంపెనీ కాలం నుంచీ సైన్యంలో పనిచేశారు. అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు. అయితే 19వ శతాబ్దం చివర్లో కొన్ని జాతులే 'మార్షల్', అంటే యుద్ధగుణం కలవి, అన్న సిద్ధాంతం బ్రిటిష్ సైన్యాధికారుల్లో బలపడింది. 1890ల తొలి ఏళ్లలో మహర్లకు సైన్యం తలుపులు మూసేశారు. అప్పటిదాకా యుద్ధాల్లో పాల్గొన్నవాళ్లకు యుద్ధగుణం లేదని ఒక విశేషణం తేల్చింది. దాంతో జీతం పోయింది, పెన్షన్ పోయింది, సైనిక కుటుంబాల పిల్లలకు దొరికే చదువూ పోయింది. మళ్లీ మహర్ రెజిమెంటు ఏర్పడింది 1941లో, యుద్ధానికి మనుషులు అవసరమైనప్పుడు.

మన ప్రాంతంలో ఇంకో విశేషణం పనిచేసింది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం మొత్తం తెగలకే 'క్రిమినల్' అనే గుణం అంటగట్టింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల వాళ్లను తెచ్చి కాపలాలో ఉంచటానికి బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. ఆ ఊళ్లో పుట్టిన పసిబిడ్డకు కూడా పేరు పెట్టకముందే గుణం పెట్టేశారు. 1952లో ఆ చట్టం రద్దయింది. అయితే 'క్రిమినల్' పోయినచోట 'హాబిచ్యువల్' వచ్చి కూర్చుంది. నేరం అలవాటైనవాళ్లు అని దాని అర్థం. స్టువర్టుపురం పేరును 1991లోనూ 2023లోనూ మన సినిమాలు దొంగతనంతో కలిపే అమ్ముకున్నాయి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలో కులం ప్రకారం పని పంచే నిబంధనలను కొట్టేసింది. డీనోటిఫైడ్ తెగలను 'హాబిచ్యువల్' అన్న మాటతో ముడిపెట్టటాన్ని అప్పుడు తప్పుబట్టింది. 1871 నుంచి 2024 దాకా లెక్కేసుకుంటే, ఒక విశేషణాన్ని దించటానికి నూటయాభై ఏళ్లు చాలలేదన్నమాట.

ఇక మా సంగతి. యూనివర్సిటీలో ఫెలోషిప్పుకైనా ఉద్యోగానికైనా రికమండేషన్ లెటర్ కావాలి. అది విశేషణాల మీదే నడుస్తుంది. మా మిత్రులం కొందరం మాకొచ్చిన లెటర్లు ఒకచోట పెట్టుకుని చదువుకున్నాం. హార్డ్‌వర్కింగ్, ఒబీడియెంట్, హంబుల్, సిన్సియర్, మెటిక్యులస్. ఇవే మాటలు తిరిగి తిరిగి వచ్చాయి. బ్రిలియంట్, ఒరిజినల్ అన్న మాటలు మాకు కనపడలేదు. మా లెటర్లు పట్టుమని పది కూడా లేవు, వాటితో లోకానికంతా సూత్రం కట్టబోము. రాసినవాళ్లు మా మేలు కోరినవాళ్లే, ప్రేమగానే రాశారు. ఇబ్బంది కూడా అక్కడే. ఒకరి బుద్ధిని మెచ్చుకోవటం వేరు, ఒకరి నడవడికకు పూచీ పడటం వేరు. జీతగాణ్ణి ఇంకో ఆసామి దగ్గరికి పంపేటప్పుడు 'వీడు నమ్మకస్తుడు, ఎదురు చెప్పడు' అని చెప్పి పంపే అలవాటు ఇంగ్లీషు లెటర్‌హెడ్ మీదికి ఎక్కిందేమోనని మా అనుమానం.

'హంబుల్' అంటే లాటిన్‌లో నేలకు దగ్గరగా ఉన్నవాడని. 'ఆరొగెంట్' అనే మాటకు మూలం ఇది నాదని అడిగి తీసుకోవటం. మా అనుభవంలో ఈ రెండు మాటల మధ్య దూరం ఒక్క దరఖాస్తు. ఆగిపోయిన స్కాలర్‌షిప్పు ఎప్పుడొస్తుందని అడగనంతకాలం మాలో ఒకడు హంబుల్. అడిగిన నెలలోనే వాడు ఆరొగెంట్ అయినాడు. మనిషి మారలేదు. అడిగాడు, అంతే.

అన్నిటికంటే మమ్మల్ని ఆపిన మాట 'మెటిక్యులస్'. ప్రతిదీ జాగ్రత్తగా చేసేవాడని పట్టికలో అర్థం. దాని లాటిన్ మూలానికి అర్థం భయస్తుడని. ఆ సంగతి తెలిసిన రోజు మేము కొంచెంసేపు మాట్లాడుకోలేదు. అప్లికేషన్ ఫారం పదిసార్లు సరిచూసుకుంటాం. కుల ధ్రువీకరణ పత్రానికి అయిదు జిరాక్సులు తీసి అయిదుచోట్ల దాచుకుంటాం. థీసిస్‌లో ప్రతి కామా కింద వేలు పెట్టి చూస్తాం. ఒక్క తప్పు దొరికితే 'రిజర్వేషన్ కేసు' అంటారని మాకు తెలుసు. మా జాగ్రత్త వెనక భయం ఉంది. మా లెటర్లో రాసినాయన ఆ మాట పుట్టుక ఎరగడు, అయినా నిజమే రాశాడు.

ఈ విశేషణాలన్నిటికీ పెద్దన్న ఒకటుంది: 'సూటబుల్'. రిజర్వుడు పోస్టుల ఇంటర్వ్యూలయినాక 'నన్ ఫౌండ్ సూటబుల్' అని రాసి పోస్టు ఖాళీగా వదిలేసే పద్ధతి మన యూనివర్సిటీల్లో అందరికీ తెలిసిందే. నెట్ ఉంది, పిహెచ్‌డి ఉంది, పేపర్లున్నాయి, మనిషి మాత్రం సూటబుల్ కాడు. దేనికి తగడో, ఏ కొలత ప్రకారం తగడో చెప్పాల్సిన పని ఆ మాటకు లేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నలుగురి ముందు కులం పేరుతో తిట్టటం నేరం. కులం పేరు నామవాచకం కాబట్టి చట్టానికి దొరికింది. విశేషణం దొరకలేదు. అది సంతకం కింద, సీలు కింద మర్యాదగా కూర్చుంటుంది.

అయితే ఈ పట్టికను చించి పారేయాలా? అది మా ఉద్దేశం కాదు. ఇంగ్లీషు మనకొద్దని ఎవరైనా సలహా ఇస్తే, ముందు వాళ్ల పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారో అడగాలి. 1936లో అంబేద్కర్ 'కుల నిర్మూలన' ఉపన్యాసాన్ని ఇంగ్లీషులోనే రాశాడు. మాటలు నేర్చుకుందాం, వాటితోపాటు ఎవరు ఎవర్ని ఆ మాట అన్నారో కూడా నేర్చుకుందాం.

విశేషణం మీద తగాదా మన ఉద్యమానికి కొత్తేమీ కాదు. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనవాళ్లు 'పంచమ' అన్న పేరు కాదని 'ఆది ఆంధ్ర' అన్నారు. అయిదోవాళ్లు అనిపించుకోకుండా మొదటివాళ్లమని చెప్పుకున్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరు ఒప్పుకుంది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశాల సమయంలో 'డిప్రెస్డ్' అన్న పేరు మార్చాలని అంబేద్కర్ రాతపూర్వకంగా అడిగాడు. చివరికి మనం నిలబెట్టుకున్న 'దళిత' కూడా ఒక విశేషణమే. 1972లో మహారాష్ట్రలో పాంథర్లు దాన్ని జెండా చేశారు, 1985లో కారంచేడు తర్వాత ఇక్కడ మహాసభ పేరయింది. ఆ మాటకు అర్థం నలగ్గొట్టబడినవాడని. దాని కడుపులో ఒక క్రియ ఉంది. నలగ్గొట్టింది ఎవరు అన్న ప్రశ్న ఆ మాట వెంటే వస్తుంది. గుణం పేరుతో మనిషికి ముద్ర వేసే పట్టికలో అట్లాంటి ప్రశ్న అడిగే మాట ఎక్కడుందో వెతకాల్సిందే.

మా అమ్మల తెలుగులో కూడా ఈ దారి కొంత ఉంది. ఉదారంగా పెట్టే మనిషిని 'ఆమె చేతికి ఎముక లేదు' అంటారు. ఆ మాటకు వంశం అక్కర్లేదు, పెట్టే చెయ్యి చాలు. 'మాట మీద నిలబడే మనిషి', 'నలుగురికీ అడ్డం పడే మనిషి' అంటారు. మనిషి ఏం చేశాడో చెప్తారు, గుణం వినేవాళ్లే తేల్చుకుంటారు.

అధ్యాపకులకు మా విన్నపం ఒక్కటే. మా పిల్లలకు లెటర్ రాసేటప్పుడు 'హంబుల్' అన్నచోట ఆగండి. ఆ పిల్ల ఏ ప్రశ్న వేసింది, ఏ పని చేసింది, ఏ పుస్తకంలో తప్పు పట్టింది, అవి రాయండి. సెలక్షన్ కమిటీలో కూర్చునే మనవాళ్లు 'సూటబుల్ కాదు' అన్న మాట వినపడగానే ఎందుకో కాగితం మీద పెట్టమనండి. విద్యార్థులు పట్టికలో ఇంకో గడి గీసుకోండి. మాట, అర్థం, ఆ పక్కన ఈ మాట ముందు ఎవర్ని అన్నారు అని. అది నింపటం మా మిత్రులం కొందరం ఇప్పటికే మొదలుపెట్టాం. మీరూ ఓ చెయ్యి వేయండి.