'రెట్టింపు' ముప్పు ఎక్కడి లెక్క?

షుగర్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ ముప్పు రెట్టింపు అన్న వార్త తరచూ కనిపిస్తుంది. ఆ అంకెకు ఆధారం లేకపోలేదు. 2001లో 'డయాబెటిస్ కేర్' పత్రికలో 42 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. షుగర్ ఉన్నవారిలో డిప్రెషన్ కనిపించే అవకాశం, లేనివారితో పోలిస్తే రెండింతలని తేల్చింది. అందులోనే మరో రెండు అంకెలున్నాయి, అవి శీర్షికకెక్కవు. నిపుణులు ఎదుట కూర్చోబెట్టి అడిగి నిర్ధారిస్తే షుగర్ రోగుల్లో తీవ్ర డిప్రెషన్ 11 శాతం మందికి ఉంది. ప్రశ్నపత్రం నింపించి లెక్కగడితే డిప్రెషన్ లక్షణాలు 31 శాతం మందిలో కనిపించాయి. ఇలాంటి ప్రశ్నపత్రాల్లో నీరసం, నిద్ర, ఆకలి గురించి కూడా అడుగుతారు. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచే మనిషి నిద్ర చాలడం లేదని టిక్కు పెడితే, అది మనసు బాధో షుగర్ బాధో కాగితం చెప్పలేదు.

ఇక ముప్పు సంగతి. రెండు జబ్బులూ ఒకరిలోనే ఉన్నాయనడం వేరు, ఒకటి రెండోదాన్ని తెచ్చిందనడం వేరు. విత్తు ముందా చెట్టు ముందా తేలాలంటే మనుషులను ఏళ్ల తరబడి గమనించాలి. అలా గమనించిన అధ్యయనాలను 2008లో కలిపి లెక్కిస్తే, టైప్ 2 షుగర్ ఉన్నవారికి తర్వాత డిప్రెషన్ వచ్చే ముప్పు 15 శాతమే ఎక్కువ. అంటే ఇతరుల్లో వెయ్యికి వందమందికి వస్తుందనుకుంటే, వీరిలో 115 మందికి. డిప్రెషన్ ఉన్నవారికి తర్వాత షుగర్ వచ్చే ముప్పేమో 60 శాతం ఎక్కువ! 2011 నాటి మరో విశ్లేషణ ఇంకా ఆలోచింపజేస్తుంది. షుగర్ ఉండి కూడా ఆ సంగతి తెలియనివారిలో డిప్రెషన్ మామూలు జనంకన్నా ఎక్కువేమీ లేదు, తెలిసినవారిలోనే ఎక్కువ. జబ్బు బయటపడ్డవారిలో అది ముదిరి ఉండవచ్చు గనుక దీన్ని రుజువు అనలేం. అయినా మనసును నలిపేది రక్తంలోని చక్కెర ఒక్కటే కాదనీ, పథ్యం, మాత్రల ఖర్చు, కళ్లకూ కాళ్లకూ ఏమవుతుందోనన్న బెంగ కూడాననీ నాకు గట్టిగా అనిపిస్తుంది.

అంకెలను ఇలా తరచితే జనం డిప్రెషన్‌ను తేలిగ్గా తీసుకోరా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ నిన్ననే షుగర్ బయటపడ్డ మనిషికి రెండో జబ్బు కూడా రాసిపెట్టి ఉందన్నట్టు చెబితే దిగులు పెరుగుతుందే తప్ప వైద్యం అందదు. ఏది ముందొచ్చినా, డిప్రెషన్‌లో కూరుకుపోయిన మనిషికి మాత్రా, నడకా, పథ్యమూ అన్నీ బరువే. చికిత్స అవసరమని చెప్పడానికి ఆ కారణం చాలు. ఈసారి షుగర్ పరీక్షకు వెళ్లినప్పుడు, రెండు వారాలుగా దేనిమీదా మనసు నిలవడం లేదనిపిస్తే, ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి.