పాటకు తగ్గ పేజీ

సంగీత పత్రికలో సంగీతం వినపడదు. కాగితం మీద ఉండేవి అక్షరాలు, రంగులు, ఫొటోలు మాత్రమే. ఇది ఏ సంగీతానికి చెందిన పత్రికో, ఎవరి కోసం అచ్చువేశారో లోపలి వ్యాసం చదవకముందే అవి చెప్పేయాలి. స్టాలులో ఒక పత్రిక మరొకదాన్ని సగం కప్పేస్తుంది కాబట్టి పేరును పైభాగంలో, తరచు ఎడమవైపున వేయడం అందరికీ అలవాటు. ఆ తర్వాత ఏం చేయాలన్నది మాత్రం పాఠకులు సంగీతాన్ని ఎలా వింటారన్న దాన్నిబట్టి తేలుతుంది.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని ఇష్టపడేవాళ్లు పోల్చి వింటారు. ఒకే సింఫనీకి ఎన్నో రికార్డులుంటే వాటిలో ఏది కొనాలన్నది వాళ్ల ప్రశ్న. 1923లో రచయిత కాంప్టన్ మెకెంజీ బ్రిటన్‌లో ప్రారంభించిన 'గ్రామొఫోన్' ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పత్రిక. దాని సమీక్షలు వాద్యబృందం, చాంబర్, ఏకవాద్యం, గాత్రం అంటూ విభాగాలుగా ఉంటాయి. ఒక్కో సమీక్షకు పైన స్వరకర్త, కృతి, కళాకారులు, కంపెనీ, కేటలాగు నంబరు కనిపిస్తాయి. నిఘంటువులో మాట వెతుక్కున్నట్టు పాఠకుడు తనకు కావలసిన రికార్డు వెతుక్కుంటాడు. అలాంటి పేజీలో అలంకారం ఎక్కువైతే వెతకడం కష్టమవుతుంది. చెన్నైలో ఎన్. పట్టాభి రామన్ 1983లో మొదలుపెట్టిన 'శ్రుతి' పత్రికదీ కళాకారుడికి, కచేరీకి ప్రాధాన్యమిచ్చే ఇలాంటి నిదానమైన పద్ధతే.

రాక్ సంగీతం దగ్గరికి వచ్చేసరికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. 1967 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'రోలింగ్ స్టోన్' మొదటి సంచిక వెలువడేనాటికి ఆ ఊళ్లో కచేరీ పోస్టర్లు మెలికలు తిరిగిన అక్షరాలతో, కళ్లు చెదిరే రంగులతో నిండి ఉండేవి. పత్రిక పేరును గీసిచ్చింది కూడా ఆ పోస్టర్ల చిత్రకారుడే, రిక్ గ్రిఫిన్. అయితే ఆ వంపుసొంపులు పేరుతోనే ఆగిపోయాయి. లోపలంతా న్యూస్‌ప్రింట్ మీద దినపత్రికలా సరళమైన అక్షరాలు, తిన్నని కాలమ్‌లు, గీతలు. సంపాదకుడు జాన్ వెనర్ అంతకుముందు పనిచేసిన 'సండే రాంపార్ట్స్' నుంచి ఆ నమూనా వచ్చింది. రాక్ సంగీతాన్ని పిల్లల సరదాగా కొట్టిపారేస్తున్న రోజుల్లో అది కూడా వార్తే, చర్చించదగిన విషయమే అని ఆ కాలమ్‌లు చెప్పగలిగాయి. సంగీత పత్రికల రూపకల్పనలో ఇంత తెలివైన నిర్ణయాలు అరుదు.

పాప్ అభిమానులకు కావలసింది చర్చ కాదు, పాట, ముఖం. నిక్ లోగన్ 1978లో లండన్‌లో మొదలుపెట్టిన 'స్మాష్ హిట్స్' హిట్ పాటల సాహిత్యాన్ని రంగురంగుల పేజీల్లో అచ్చువేసింది. పాడుకోవడానికి పాఠం, గోడకు అంటించుకోవడానికి పోస్టరు. పోస్టరును మధ్య పేజీల్లో వేస్తే పిన్నులు విప్పి చిరగకుండా బయటికి తీయవచ్చు. చదివే పుస్తకంగానే కాకుండా విడదీసి వాడుకునే వస్తువుగా కూడా ఆ పత్రికను తయారుచేశారు. 1981లో 'సౌండ్స్' వారపత్రికకు అనుబంధంగా పుట్టిన 'కెరాంగ్!' హెవీ మెటల్ అభిమానుల కోసం ఇదే పోస్టరు పద్ధతిని పాటించింది. రూపం మాత్రం పూర్తిగా వేరు. ఎలక్ట్రిక్ గిటారును బలంగా మీటినప్పుడు వచ్చే మోతే దాని పేరు. ఆ పేరులోని అక్షరాలు దెబ్బకు పగుళ్లిచ్చిన గాజులా ఉంటాయి. పేజీలో ఖాళీ జాగా కనపడేది కాదు. చెవులు దద్దరిల్లే కచేరీకి వెళ్లేవాళ్లకు ఆ ఇరుకు, ఆ హోరు సొంతిల్లులా అనిపించేవి.

పంక్ రూపానికి కారణం డబ్బు లేకపోవడం. 1976లో లండన్ బ్యాంకు గుమాస్తా మార్క్ పెర్రీ 'స్నిఫిన్ గ్లూ' అనే చిన్న పత్రిక తెచ్చాడు. వ్యాసాలు టైపు మెషిన్ మీద కొట్టినవి, శీర్షికలు స్కెచ్ పెన్నుతో రాసినవి. తప్పుల మీద కొట్టివేతలు అలాగే ఉండేవి. ఫొటోకాపీ యంత్రం బూడిదరంగు ఛాయలను సరిగా పట్టదు కాబట్టి బొమ్మలు చిక్కటి నలుపు, తెలుపులుగా మారాయి. ఎవరైనా బ్యాండ్ పెట్టొచ్చన్న సంగీతానికి ఎవరైనా పత్రిక తేవచ్చన్న రూపం చక్కగా అమరింది. ఆ ముతకదనాన్ని తర్వాత పెద్ద సంస్థలు ఖరీదైన కాగితం మీద అనుకరించాయి. కానీ అవసరం నుంచి పుట్టిన నిజాయితీ ఆ అనుకరణల్లో ఉండదు.

1992లో అమెరికాలో వచ్చిన 'రే గన్' మరీ ముందుకెళ్లింది. దాని ఆర్ట్ డైరెక్టర్ డేవిడ్ కార్సన్ అక్షరాలను ఒకదాని మీద ఒకటి ఎక్కించాడు, కాలమ్‌లను విరిచాడు. గాయకుడు బ్రయాన్ ఫెర్రీ ఇంటర్వ్యూ చప్పగా ఉందనిపించి దాన్ని చుక్కలు, నక్షత్రాలు, బాణాలుండే జాఫ్ డింగ్‌బాట్స్ ఫాంటులో వేశాడు. ఆ పేజీల్లో ఒక్క మాటా చదవడానికి వీల్లేదు. ఆల్టర్నేటివ్ రాక్ శ్రోతల్లో ఆ తెగువ సంచలనం రేపింది. అయినా గాయకుడి మాటలున్న పేజీనే చదవలేకుండా చేయడం రూపకల్పన హద్దు దాటడమే.

హిప్‌హాప్ పత్రికలకు ప్రాణం ఫొటో. 1988లో హార్వర్డ్ విద్యార్థుల చేతుల్లో చిన్న కరపత్రంగా మొదలైన 'ద సోర్స్' ఆల్బమ్‌లకు నక్షత్రాల బదులు మైకు బొమ్మలిచ్చి కొలిచింది. అయిదు మైకులు వస్తే అదే పెద్ద గౌరవం. 'ఎక్స్‌ఎక్స్‌ఎల్' పత్రిక 1998లో హార్లెమ్‌లో ఒక ఇంటి మెట్ల దగ్గర 170 మందికి పైగా హిప్‌హాప్ కళాకారులను నిలబెట్టి గోర్డన్ పార్క్స్ చేత ఫొటో తీయించింది. 1958లో ఆర్ట్ కేన్ 57 మంది జాజ్ విద్వాంసులను ఫొటో తీసింది కూడా ఆ ఇంటి మెట్ల దగ్గరే. వ్యాసమేదీ అవసరం లేకుండానే హిప్‌హాప్ కళాకారులు తమ సంగీతం ఏ వంశానికి చెందినదో ఆ ఒక్క బొమ్మతో చెప్పుకున్నారు. పేరుకన్నా పరంపరకు, ఊరికి, వీధికి విలువిచ్చే శ్రోతలకు అంతకుమించిన ముఖచిత్రం దొరకదు.

వయసు పెరిగిన రాక్ శ్రోతల కోసం 1993లో బ్రిటన్‌లో వచ్చిన 'మోజో' మొదటి కవర్ మీద బాబ్ డిలన్, జాన్ లెనన్ ఉన్నారు. పాత ఫొటోలు, నిడివైన వ్యాసాలు దాని తీరు. దాచుకోవాలనుకునేవాళ్ల పత్రిక అది. కుర్రకారు వార్తలు, బొమ్మల కోసం ఫోన్లకు మళ్లాక వాళ్ల పత్రికలే ముందు దెబ్బతిన్నాయి. 'స్మాష్ హిట్స్' 2006లో మూతపడింది. 1952 నుంచి నడిచిన 'ఎన్‌ఎంఈ' వారపత్రిక అచ్చు 2018లో ఆగింది. 'మోజో', 'గ్రామొఫోన్' మాత్రం నేటికీ అచ్చవుతున్నాయి.