మేకు లేని పాదరక్ష

షోలాపురమనగానే దుప్పటియు తువాలును జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ కీర్తిలో భవాని పేట్ పద్మశాలి కుటుంబముల పాలు తక్కువది కాదు. అయితే 2019లో కొల్హాపురి చెప్పులకు భౌగోళిక గుర్తింపు లభించినపుడు, కొల్హాపూరు, సాంగ్లీ, సాతారాలతోడను, సరిహద్దుకావలి బెళగావి, ధార్వాడ, బాగల్కోట, విజాపుర జిల్లాలతోడను మన షోలాపూరు జిల్లాయు ఆ పరిధిలో చేరిన సంగతిని మన పేటలో ఎందరు గమనించిరో సందేహమే.

ఈ పాదరక్ష ఘనత సగమునకు మించి తోలు పదునుచేయుటయందే ఉన్నది. పచ్చితోలును సున్నపునీట నానవైచి, రోమములు తొలగించి, లోపలి కండను గీకివైచి, పిమ్మట తుమ్మచెక్క, కరక్కాయల కషాయమున ఊరవేయుదురు. తోలునే సంచివలె కుట్టి వ్రేలాడదీసి, అందు కషాయము నింపి, అది మెల్లమెల్లగా స్రవించుచు అణువణువున ఇంకునట్లు చేయు పద్ధతియు కలదు. క్రోము లవణములతో ఒకటి రెండు దినములలో ముగియు కార్యమునకు ఇచట వారములు పట్టును. ఆ వగరు చర్మములోని మాంసకృత్తులను బంధించుటచే తోలు కుళ్లదు, చెమటను పీల్చును, తొడిగినకొలది తొడిగినవాని పాదమునకు తగినట్లు ఒదుగును. కొత్తలో కఱచుననుట నిజమే. నూనె రాచి కొన్నాళ్లు ఓర్చుకొనవలసినదే.

అడుగునకు దళసరి గేదెతోలు, పట్టెలకు మెత్తని తోలు. అడుగు పొరల నడుమ ఇరుప్రక్కల “చెవులు” ఇమిడ్చి, ఆరెతో బెజ్జములు పొడిచి, తోలుపోగుతోనే కుట్టివేయుదురు. ఇనుపమేకు ఒక్కటియు తగులదు. బొటనవ్రేలికి ఉంగరము, పట్టెమీద సన్నని తోలుపోగుల జడ. ఈ జడపని పెక్కుచోట్ల స్త్రీలదే. పాయలన్నిటను ఒకే బిగువు నిలుపుట ఎంత కష్టమో మగ్గమెఱిగినవారికి వేరుగ చెప్పనక్కఱలేదు. కాపశీ, పాయతాణ్, కచ్కడీ, బక్కల్నాలీ, పుకారీ అని రకములు పెక్కు. నా కంటికి ఆడంబరము తక్కువైన కాపశియే మగవాని పాదమునకు తగినది.

2025 జూనులో మిలాన్ నగరపు పురుషవస్త్ర ప్రదర్శనలో ప్రాడా సంస్థ ఇట్టి చెప్పులనే పేరు చెప్పక చూపగా, ఇచట కలకలము రేగినది. పిదప ఆ సంస్థ వాని మూలము నంగీకరించి, డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వ చర్మపరిశ్రమ సంస్థలతో ఒప్పందము చేసికొని, 2,000 జతలు ఇచటనే చేయించి జత సుమారు 800 యూరోలకు విక్రయింతుమని ప్రకటించినది. విలాసవస్తువన్న పేరు దానికి మిలాన్ ఇచ్చినది కాదు. అన్ని వారముల ఓర్పును అంత చేతిపనియు ఒక జతలో ఇమిడియున్నపుడు అది మొదటినుండియు విలాసవస్తువే. చేసినవానికి దక్కు కూలి మాత్రము ఆ స్థాయిని ఎన్నడును అందలేదు. పైగా 2015 నాటి గోవంశవధ నిషేధ చట్టముతో ఆవు, ఎద్దు తోళ్ల కొఱత ఏర్పడినది. రెక్సిన్ నకళ్లు బజారు నిండినవి.

నకళ్ల బాధ మనకు కొత్త కాదు. పానిపట్టున నేసిన దుప్పటి షోలాపురి పేరున అమ్ముడుపోవుట చూచి కడుపుమండిన భవాని పేట్ వారు చెప్పులు కొనుచోట ఆ మంటను మఱవరాదు. జతను తిరగవేసి చూడుడు: మేకుతల కనబడినచో, జిగురువాసన కొట్టినచో, విడిచిపెట్టుడు, తోలుపోగు కుట్టు కనబడినచో, బేరమాడక అడిగిన ధర ఇచ్చి కొనుడు.