ఒప్పుకోలు కాగితం వెనక

పౌరహక్కుల మీద మన రాతల్లో ఎన్‌కౌంటర్ ఉంది, చిత్రహింస ఉంది, ఉరి ఉంది. కోర్టులో నిలబడి "నేరం చేశాను" అనేసినవాడు మాత్రం లేడు. వాడు వీరుల లెక్కలోకి రాడు గదా!

శ్రీకాకుళం ఉద్యమం నుండి మనకు అందిన ఆదర్శం నాగభూషణ్ పట్నాయక్. 1970లో ఉరిశిక్ష పడితే క్షమాభిక్ష అడగనన్నాడు. గొప్ప విషయమే. ఆయన వృత్తిరీత్యా వకీలన్నదీ గుర్తుంచుకోవాలి. పార్వతీపురం కుట్రకేసులో కన్నబిరాన్ లాంటివాళ్లు వాదించారు; రాజ్యం ఏళ్ల తరబడి సాక్షుల్ని తెచ్చుకోవాల్సొచ్చింది.

ఆ శ్రమని 1987 టాడా చట్టం 15వ సెక్షన్ తగ్గించింది. ఎస్పీ ముందు చెప్పిందే సాక్ష్యం. 1994లో కర్తార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. టాడా 1995లో పోయింది, పోటా 2004లో పోయింది. ఉపా చట్టంలో పోలీసు ఒప్పుకోలుకి చోటు లేదు కాబట్టి గండం గడిచిందనుకున్నాం.

గడవలేదు. ఉపా 43డి(5) బెయిల్ తలుపు మూసేస్తుంది. విచారణ సాగదు. 2021లో నజీబ్ కేసు సుప్రీంకోర్టు ముందు తేలేసరికి అతను అయిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు, ఇంకా 276 మంది సాక్షులు మిగిలున్నారు. బెయిల్ దక్కింది. అంతదాకా వెళ్లలేనివాడి సంగతో? ఉన్న జైలుకాలం శిక్షలోంచి తీసేస్తారు గనక ఒప్పేసుకోవడమే ఇంటికి దగ్గరి దారి. 2020లో ఢిల్లీ కోర్టులో ఐసిస్ కేసులో 15 మంది నేరం ఒప్పుకుని శిక్షలు పొందారు. వాళ్లలో నిజంగా చేసినవాళ్లు ఉండొచ్చు. ఎవరు చేశారో, ఎవరు విసిగిపోయారో తేల్చే విచారణే పూర్తి కాలేదు. ఏడేళ్లు దాటే శిక్షలున్న నేరాల్లో చట్టబద్ధమైన బేరం లేదు; అంచేత బేరం జరిగినా కాగితం మీద కనిపించదు.

గరివిడి కూలికుటుంబం విశాఖ సెంట్రల్ జైలుకి ములాకత్‌కి వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. "ఒప్పేసుకోరా, ఒగ్గేత్తారు" అని తల్లే అంటే ఆమెను తప్పుబట్టే అర్హత మనకెవరికుంది? జడ్జి మాత్రం 'స్వచ్ఛందం' అని రాసుకుంటాడు.

చుండూరులో 1991లో ఎనిమిది మంది దళితుల్ని చంపిన కేసులో తీర్పుకే 2007 వచ్చింది. 2014లో హైకోర్టు శిక్షల్ని కొట్టేసింది. అక్కడ ఆలస్యం నిందితులకి పనికొచ్చింది. ఇక్కడ ఆలస్యమే ఒప్పిస్తోంది.

ఒప్పుకుంటే శిక్ష వేసితీరాలని చట్టంలో లేదు, వేయొచ్చు అనే ఉంది. ఎన్నాళ్లుగా జైల్లో ఉన్నావు, వకీలు ఎన్నిసార్లు కలిశాడు, చార్జిషీటు నీకొచ్చిన భాషలో ఎవరైనా చదివి చెప్పారా అని జడ్జి అడిగి రికార్డు చేయాలని ముందుగా పిటిషన్ వేయొచ్చు. ఆ వాయిదా రోజున పౌరహక్కుల కమిటీలు కోర్టు హాల్లో ఉండాలి.