పద్దెనిమిదేళ్లు నిండిన యతీం: ఒక అధ్యయనంపై విమర్శ

శిశు సంరక్షణాలయాలను విడిచివెళ్లిన యువజనుల స్థితిగతులపై ఉదయన్ కేర్ సంస్థ 2019లో ‘బియాండ్ 18’ అనే అధ్యయనాన్ని వెలువరించింది. ఢిల్లీ, గుజరాత్, కర్ణాటక, మహారాష్ట్ర, రాజస్థాన్‌లకు చెందిన 435 మంది అనుభవాలు దానికి ఆధారం. అధికారుల నివేదికలతో సరిపెట్టుకోక, గడప దాటిన పిల్లలనే అడిగి తెలుసుకోవటం మెచ్చదగిన పని. అయినా ముస్లిమ్ పాఠకునికి ఇందులో రెండు లోపాలు కనిపించక మానవు.

తెలుగు పిల్లలు లేకపోవటం అటుంచి, బంధువుల ఇళ్లలో పెరిగినవారు ఇందులో లేరు. దీనికి మూలం చట్టంలోనే ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం అనంతర సంరక్షణను ‘సంస్థ’ విడిచిన 18–21 ఏళ్లవారికే నిర్వచించింది. పరిశోధకులు ఆ గిరి దాటలేదు. కోనసీమలో, కొత్తపేట చేరువనున్న పలివెల వంటి గ్రామాన్ని తలచుకోండి. ఈ సీమ నుండి కువైట్, మస్కట్‌లకు ఇంటిపనికి వెళ్లిన తల్లులు ఎందరో. తండ్రి గతించి, తల్లి గల్ఫ్‌లో ఉండగా నానీ పంచనో మామూ పంచనో పెరిగే కుర్రవానికి మిషన్ వాత్సల్య క్రింద నెలకు 4,000 రూపాయలు దొరికినా, పద్దెనిమిదితో అది ఆగుతుంది. ఆపైన అతడు ఏ పరిశోధకుని లెక్కలోకీ రాడు.

అమెరికాలో మార్క్ కోర్ట్‌నీ బృందం ఇలా వదిలివేయలేదు. పెంపుడు కుటుంబాలలో ఉన్నవారితో సహా ఏడు వందల పైచిలుకు పిల్లలను 2002 నుండి, పదిహేడో ఏట మొదలుపెట్టి ఇరవై ఆరో ఏటి వరకు, మళ్లీ మళ్లీ కలిసింది. ఇరవై ఒకటి దాకా సంరక్షణలో ఉండనిచ్చిన ఇల్లినాయ్ పిల్లలే కళాశాల చదువులో ముందున్నారని తేల్చింది.

రెండవ లోపం కొలమానానిది. వసతి, చదువు, ఆదాయం, ఆరోగ్యం, గుర్తింపు పత్రాలు మొదలైన ఎనిమిది అంశాలలో ఈ గ్రంథం పిల్లవాడినే పరీక్షిస్తుంది. సూరె నిసా ఆరవ ఆయత్ ఇద్దరినీ పరీక్షకు నిలబెడుతుంది. యుక్తవయసు వరకు యతీమ్‌ను పరిశీలిస్తూ ఉండాలి, వివేకం, అనగా రుష్ద్, కనిపించాక అతని ఆస్తి అప్పగించాలి, అప్పగించేటప్పుడు సాక్షులుండాలి. వయసు అంకె అందులో లేదు. హజ్రత్ ఇమామ్ అబూహనీఫా (రహ్మ) అవివేకి ఆస్తిని ఇరవై అయిదేళ్ల వరకే ఆపవచ్చునన్నారు. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) రుష్ద్ కనిపించేవరకు ఇవ్వరాదన్నారు. ఏళ్లు నిండితే చాలునా అన్న ప్రశ్నను మన ఫుఖహా ఇంత లోతుగా చర్చించారు. కాని చందా రశీదులు భద్రంగా దాచే మన యతీంఖానాలలో, వెళ్లిపోయిన పిల్లవాని చిరునామా దాచినవి ఎన్ని?

కనుక పలివెలలో ఎవరైనా ఇటువంటి సర్వే చేయబూనితే, ఆ ఎనిమిదింటికి తొమ్మిదవ అంశం చేర్చుకోవాలి. దానిని అడగవలసింది కుర్రవానిని కాదు, మామూని: తండ్రి వదలిన స్థలం కాగితాలు, తల్లి పంపిన సొమ్ము లెక్క ఈనాడు ఎవరి చేతిలో ఉన్నాయి? అప్పగించిననాడు మొహల్లాలో ఎవరు సాక్షిగా నిలిచారు?